పుల్ల తీసిన ఇస్తారి

జనగామ,
దసరా ఎల్లిన వారం.

బావ మహిపాల్‌కు, బామ్మర్ది పోశాలు దండం పెట్టి రాసేది.

ఉత్తరం చూడంగనే చింపకు. మొదలు చదువు, అటెన్క చింపు.

నా బిడ్డ స్రవంతి పెండ్లిల అందరి ముంగట ఏమని ఒట్టు పెట్టుకున్నవ్? "ఇగ ఈ పోశాలుగానితోని నోరు తెరిచి మాట్లాడితే నేను మహిపాల్‌నే కాదు" అన్నవ్. నోరు అన్నవ్ గని చెయ్యి అనలే. అందుకే రాస్తున్న. ఫోన్ చేస్తే మా రాములమ్మక్క ఎత్తుతది, నువ్వు పక్కపొంటి కూసోని దగ్గుతవ్. పెండ్లి అయిన కాడికెల్లి నీ దగ్గు ఇని ఇని నాకే గొంతు నొస్తున్నది. నువ్వు గూడ రాయి. నీ ఒట్టు ఒట్టులెక్కనే ఉంటది, మన ముచ్చట నడుస్తనే ఉంటది.

అయినా నేనేం తప్పు చేసిన బావా? బంతిల బావ కూసుంటే బామ్మర్దులు ఊకుంటరా? ఒకడు గిలాసల ఉప్పేస్తడు, ఒకడు చెప్పులు దాస్తడు. నేను నీ ఇస్తారికి రెండు పుల్లలు పీకిన. షేర్వ పోయంగనే ఆకులు ఇడివడ్డయ్, ఎర్రటి మటన్ షేర్వ అంత నీ తెల్ల ధోతి మీదికి దిగింది. బంతి బంతంత పొట్టలు పట్టుకున్నది. నీ పక్కన కూసున్న కండ్లద్దాలాయన మహిళా సంఘాలకు మిషిన్లు ఇప్పిచ్చే సారని, మీ తండ ఆడోళ్లు కుట్టిన ఇస్తార్లు ఎంత గట్టియో చూపెట్టెతందుకే ఆయన్ని తోలుకొచ్చినవని నాకు కలొచ్చిందా? ఎరుకుంటే నీవి ఇడిసిపెట్టి ఆయనవే పీకుదును.

సరే, గది పోనీ. ఇప్పుడు అసలు ముచ్చట. ఇక్కడ ప్లాస్టిక్ బందు అని ఆటోకు మైకు కట్టి తిప్పుతున్నరు. ప్లాస్టిక్ ప్లేటు, థర్మాకోల్ ప్లేటు అమ్మితే ఫైను, మళ్ల దొరికితే దుకాణం బందు. నా టెంటు సామాన్ల దుకాణంల సగం సరుకు గదే కదా! మూటగట్టి మూలకేసిన. పెండ్లిళ్లోళ్లు వచ్చి "ఆకు ఇస్తార్లున్నయా పోశాలన్నా" అని అడుగుతున్నరు. నా కోపం నా మీద ఉంచు, నీ సరుకు నా దుకాణానికి పంపు.

ఇట్లు,
పుల్లలు పీకిన నీ బామ్మర్ది.


గూడూరు మండలం, మహబూబాబాద్ జిల్లా,
కార్తీకం మొదలు.

బామ్మర్ది పోశాలుకు,

మీ అక్క పోరుకు పడలేక రాస్తున్నాను. నీ మీద కోపం పోయిందనుకోకు. ఆ ధోతికి మరక ఇంకా అట్లనే ఉన్నది.

నీకు నవ్వులాటనే. ఆ సారు ఏమన్నడో తెలుసా? "మహిపాల్, మీ ఆడోళ్లు మంచిగ కుడుతున్నరు గని షేర్వ కారే ఇస్తారి పట్నంల ఎవడు కొంటడు? మిషిని మంజూరు చేస్తం. ఆకు కింద పల్చటి కవరు పొర పెట్టి ఒత్తుండ్రి, సుక్క కారదు" అన్నడు. పుల్లలు ఎవరు పీకిండ్రో చెప్పుదామనుకున్న. మా బామ్మర్ది గిసొంటోడని పరాయి మనిషికి ఎట్ల చెప్పాలె? చెప్పలే.

మిషిని వచ్చింది. సగం సర్కారు ఇచ్చింది, సగం సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చింది. మా కిరాణం కొట్టు పక్క రేకుల షెడ్డుల పెట్టినం. కింద మోదుగాకు, నడుమ కవరు పొర, పైన మళ్ల మోదుగాకు, వేడి మీద ఒత్తితే పళ్లెం లెక్క గట్టిగైతది. సంఘం పెద్ద ద్వాళికి కవరు నచ్చలేదు. "పుల్లలు గుచ్చి కుట్టితే సాలదా అన్నా, ఆకుల నడుమ గీ కవరు జిల్లి ఎందుకు?" అంటది. ఆమె మొగడు టీక్యా మేకలు ఇన్నొద్దులు ఎంగిలి ఇస్తార్లు కరకర నమిలేటియి. ఇప్పుడు మూతి పెట్టి వాసన చూసి ఎల్లిపోతున్నయట. కానీ కారితే మళ్ల ఇజ్జత్ పోతది కదా. కవరు ఉండాలెనని నేనే పట్టుబట్టిన.

మొదటి కట్టలు ఈ ఉత్తరంతో పాటు బస్సుల వేసిన. తండ ఆడోళ్లు ఈసారి మిర్చి ఏరవోకుండ దీన్నే నమ్ముకున్నరు. ఇదన్న జర మనసుల పెట్టుకో.

మహిపాల్.


జనగామ,
పెండ్లిళ్ల జోరుల.

బావకు దండాలు.

ఏం ఇస్తార్లు బావా! దుకాణం ముంగట స్టూలేసి, నీ ఇస్తారి పెట్టి, నిండ నీళ్లు పోసి "సుక్క కారితే దుకాణం రాసిస్త" అని ఒర్రిన. పొద్దుమూకిందాక కారలే. దుకాణం మీద కన్నేసినోడు ఒకడు వేలుతోని పొడిచి పొడిచి చూసిండు, ఆఖరికి ఆడే రెండు కట్టలు కొనుక్కపోయిండు. ఇంట్ల గూడ ఇస్తారిల షేర్వ పోసి కుర్చీ మీద పెట్టి, "జర దీని మీద కూసోవే, కారుతదేమో చూద్దాం" అని కల్పనను అడిగిన. పెండ్లాం చేతిల గంటె నా మీదికి వచ్చింది గని ఆమె కూసోలే.

టీక్యా మేకలు తింటలేవని ఫికరు పెట్టుకోకు. మేకలు వచ్చి నా దుకాణంల కొంటయా? కొనేటోడు మెచ్చుకుంటే చాలు.

రేటే జర తగ్గిచ్చి అడుగుతున్నరు. హైదరాబాద్‌కెల్లి ట్రాలీ ఆటోల ఒకాయన పేపరు ప్లేట్లు ఏసుకొస్తున్నడు, నీ దాని కన్న అగ్గువ. నేను తీసుకుంటలేను అనుకో. ఊకె చెప్తున్న.

ఇంకిన్ని కట్టలు పంపు. ఆ మరక ధోతి గూడ పంపు, దుకాణం ముంగట జెండలెక్క కడుత.

పోశాలు.


గూడూరు మండలం,
చలి తగ్గినంక.

బామ్మర్దికి,

ధోతి పంపను. దాంతో పని ఉన్నది, మిషిని తుడుస్తున్న.

నీకు ఒక సంగతి నిదానంగ చెప్పాలె. నవ్వకుండ చదువు.

మిషిని పెట్టినప్పుడు ఇంటి మీటరే చాలన్నరు. మొన్న కరెంటోళ్లు వచ్చి, ఇది వ్యాపారం అని మీటరు మార్చిండ్రు. బిల్లు చూసి ద్వాళి "గిది మిషిని తిన్నదా, మనిషి తిన్నడా" అన్నది. అటవీ సార్లేమో ఆకు మూటలు చెక్‌పోస్టు దాటాలంటే పర్మిషన్ ఉండాలె అంటున్నరు. పర్మిషన్ కోసం మానుకోట అటవీ ఆఫీసుకు తిరిగి తిరిగి వస్తున్న. పోయిన రోజు సారు ఉండడు, సారు ఉన్న రోజు సంతకం పెట్టేటాయన ఉండడు. కవరు రోలు రేటు గూడ పెరిగింది.

నేను ఎవ్వరినీ తిడుత లేను. ప్లాస్టిక్ పోవాలె, మంచిదే. అడవి ఉండాలె, అదీ మంచిదే. ఆడోళ్లు సొంతంగ బతకాలె, ఇంకా మంచిది. గని ఒక్కో మంచి పని ఒక్కో ఆఫీసుల కూసున్నది. ఒకదాని సంగతి ఒకదానికి తెల్వదు. నడుమ మేము తిరుగుతున్నం.

అడిగేది ఏందంటే, ఇస్తారికి నువ్వు ఇచ్చేదాని మీద జరంత పెంచు. ఇంకోటి, ఎండలు ముదిరినంక మోదుగ కొత్తాకు వస్తది. ఏడాది సరిపడ ఆకు ఆ కొన్నొద్దులల్లనే తెంపి, ఎండబెట్టి దాచుకోవాలె. వాన పడ్డదంటే అయిపోయినట్టే. తండోళ్లందరూ కూలి ఇడిసి ఆకుకు పోవాల్నా వద్దా అన్నది నీ మాట మీద ఉన్నది. నువ్వు సరుకు తీసుకుంట అంటే పోతరు. లేకుంటే ఈ షెడ్డు బందు. అవునో కాదో రాయి. నవ్వులాట రాయకు.

మహిపాల్.


జనగామ,
శివరాత్రి ముంగటి బేస్తారం.

బావకు,

నీ ఉత్తరం వచ్చింది. రేటు సంగతి నిమ్మలంగ మాట్లాడుదాం, తొందరేం లేదు. ముందుగాల నిన్న నా దుకాణంల అయిన సినిమా ఇను.

ప్లాస్టిక్ పట్టే సార్లు వచ్చిండ్రు. ముగ్గురు, జీపు, ఎనుక ఫోటోలు తీసే పిలగాడు. నేను చాయ్ తెప్పిచ్చి "రాండ్రి సార్, నా దుకాణంల ప్లాస్టిక్ అంటే నా పళ్లే" అన్న. ముందలి పన్ను కట్టుడుదే కదా. ఒక సారు నవ్విండు. ఇంకో సారు నవ్వలే. నవ్వనోడే నీ ఇస్తారి తీసిండు, గోరుతోని ఆకు లేపిండు, లోపట నుంచి కవరు పొర సర్రుమని గుంజిండు. "గిదేంది?" అన్నడు. ఆకుల నడుమ ఉన్నా ప్లాస్టిక్ ప్లాస్టికే, ఫైనే అన్నడు.

నాకు గుండె జారింది గని నోరు జారకుంటే నేను పోశాలును ఎట్లయిత? "సార్, గిది నాది కాదు, మా బావది. గూడూరు కాడ తండ, మహిపాల్ అంటే కుక్క గూడ తొవ్వ చూపెడ్తది. సక్కగ పోయి పట్టుకోండ్రి, మర్యాదస్తుడు, మీకు చాయ్ గూడ పోస్తడు" అన్న. దుకాణం దుకాణమంత నవ్వింది. నవ్వని సారు గూడ మూతి వంకర పెట్టి రాసుకున్నడు. ఉన్న కట్టలు ఎత్తుకపోయిండ్రు, ఫైను మాత్రం మాఫీ చేసిండ్రు. చూసినవా, నోరు మంచిదైతే ఎట్లుంటదో!

జరంత పేపరు ప్లేట్లు గూడ పెట్టిన. కొందరు అడుగుతున్నరని.

పోశాలు.


గూడూరు మండలం,
హోలి తెల్లారి.

శ్రీ పోశాలు గారికి నమస్కారం.

మీరు పంపిన సార్లు వచ్చిండ్రు. చాయ్ పోసినం.

జనగామ సార్లు ఈ జిల్లా సార్లకు ఫోన్ చేసి ఊరు, పేరు చెప్పిండ్రట. మీరు చెప్పిన తొవ్వ తప్పు పోలేదు, సక్కగ షెడ్డు కాడికే వచ్చిండ్రు. కవరు రోళ్లు పట్టుకున్నరు. మిషినికి తాళం వేసి లక్క ముద్ర కొట్టిండ్రు. కవరు పెట్టుమన్నది మిషిని ఇచ్చిన సారే అని చెప్పిన. ఆయన్ని వేరే జిల్లాకు మార్చిండ్రట. నోటితోని చెప్పిన మాటకు కాయితం ఏది అన్నరు.

సీలు వేస్తుంటే టీక్యా వాకిట్ల నిలబడి నన్ను చూసిండు, నేను మిషినిని చూసిన. ద్వాళి సార్లు తాగిన గిలాసలు కడిగి బోర్లించింది. ఏమన్న అంటే బాగుండు.

మీ అక్క పోయిన వారం జనగామ వచ్చి పోయింది కదా. దుకాణంల ముంగట అన్నీ పేపరు ప్లేట్లేనట. సార్లు ఎత్తుకపోంగ మిగిలిన మా కట్టలు రెండు, ఎనుక టెంటు బట్టల కింద ఉన్నయట. ఆమె తనంతల తాను చెప్పలేదు, నేను గుచ్చి గుచ్చి అడిగితే తల తిప్పుకొని చెప్పింది. 

ఆకు సంగతి మీరు అవునో కాదో రాయలేదు. రాయకున్నా అర్థమైంది.

ఇట్లు,
సి. మహిపాల్.


జనగామ,
ఉగాది ముంగట.

బావా,

గారు అంటవా నన్ను? శ్రీ అంటవా? అంతకన్న నాలుగు బూతులు రాస్తే కడుపు చల్లబడుదు కదా.

నేను నవ్వులాటకు అన్న బావా. నా నోట్లె నుంచి ఎన్ని మాటలు రాలవు? అన్నీ గాలికి పోతయ్, గదొక్కటి ఎట్ల మీ ఊరు దాక వచ్చింది? నేను నవ్విచ్చిన అనుకున్న. ఆయన రాసుకున్నడు. అందరు నవ్వుతున్నప్పుడు ఎవడు రాసుకుంటున్నడో చూడాలెనని ఇన్నేండ్లకు తెలిసింది.

నిన్న ఆ సారు ఆఫీసుకు పోయిన. నా దుకాణంల పేపరు ప్లేటు ఒకటి పట్టుకపోయిన. ఆయన ముంగట గిన్నెల నీళ్లల్ల నానబెట్టి, కాయితం నలిపి పడేసి, మిగిలిన పొర చేతిల పెట్టిన. "సార్, గిదేంది? మా బావ పెట్టిన కవరుకు గిది తోడబుట్టింది కాదా?" అన్న. ఆయన పొరను తిప్పి తిప్పి చూసిండు. "పోశాలూ, నాకు వచ్చిన కాయితంల దీని పేరు లేదు. ఉన్నప్పుడు పడుత" అన్నడు. అబద్ధం చెప్పలే ఆయన. అదే నాకు ఇంకా మండింది. తిట్టెతందుకు గూడ మనిషి దొరకలే.

పేపరు ప్లేట్ల మాట నిజమే. అగ్గువకు వచ్చినయ్, పెట్టిన. మిషినికి సీలు పడె, ఇగ చేతితోని కుట్టినయ్ అయితే ఆ రేటుకు గిట్టదు బావా, నేను గూడ దుకాణం నడపాలె కదా. కోపం తగ్గినంక జవాబు రాయి.

పోశాలు.


జనగామ,
మే నెల, ఎండలు కొడుతున్నయ్.

బావా,

ఉగాది ఎల్లింది, శ్రీరామనవమి ఎల్లింది, నీ దగ్గర నుంచి గీత లేదు. అక్కకు ఫోన్ చేస్తే నీ దగ్గు గూడ ఇనొస్త లేదు. "బావ ఏడి" అంటే "పని మీద పోయిండు" అంటది. ఏం పనే అంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నయని పెట్టేస్తది. మా అక్కకు అబద్ధం రాదు, చిన్నప్పటి సంది అబద్ధాలన్నీ నేనే ఆడిన.

నిన్న ఒక పెండ్లికి నేనే సరుకు ఇచ్చిన. బంతి లేచినంక ఎనుక దిక్కు పోయి నిలబడ్డ. పేపరు ప్లేట్లు కుప్పలు పోసి కాలవెట్టిండ్రు. ఆ పొగ ఊరంత కమ్మింది. మేకలు వచ్చి, దూరం నుంచే చూసి ఎల్లిపోయినయ్. అప్పుడు నీ మొదటి ఉత్తరం యాదికొచ్చింది. టీక్యా మేకల మీద నేనేసిన జోకు గూడ యాదికొచ్చింది. మేకలు వచ్చి కొంటయా అన్న కదా. మేకలనన్న అడిగితే బాగుండు బావా.

అవునో కాదో రాయుమన్నవ్. ఇగో రాస్తున్న. అవును. కవరు వద్దు, మిషిని వద్దు. పుల్లలు గుచ్చి కుట్టినయ్ పంపుండ్రి. ద్వాళి చెప్పిన రేటే రేటు. పేపరు ప్లేట్లు ఎనుకకు నెట్టి నీ కట్టలు ముంగట పెడుత. ఎవడన్న ఎక్కువన్నడంటే నా నోరు ఉన్నది కదా, ఒక్కపాలన్న మంచికి వాడుత. ఆకుకు పొమ్మని తండోళ్లకు చెప్పు.

నీ బామ్మర్ది,
పోశాలు.


భూపాలపల్లి,
వానలు పట్టినయ్.

పోశాలుకు,

నీ రెండు ఉత్తరాలు నేను ఇంటికి పోయినప్పుడు ఒక్కసారే చేతికొచ్చినయ్. మీ అక్క దేవుని పటం ఎనుక దాచిపెట్టింది. "నువ్వు ఉన్న బాధకు వాని ఎక్కిరింతలు ఎందుకని ఇయ్యలే" అన్నది. లోపట ఎక్కిరింత లేదని ఆమెకు ఎట్ల తెలుస్తది? నువ్వు ఎప్పుడు అట్ల రాసినవ్ గనుక?

ఉగాది నుంచి ఇక్కడ ఉంటున్న. బొగ్గు బాయిల కాంట్రాక్టు పని చేసేటోళ్లకు మెస్సు ఉన్నది. సరుకు చూసుకునుడు, వడ్డించుడు నా పని. కొట్టు నడవలేదు. సంఘం అప్పుకు నేనే పూచీ ఉన్న, వాళ్లను అడుగనియ్యను. మిషినిని బ్యాంకోళ్లు తీసుకపోయిండ్రు. ఎత్తుతుంటే మా ఊరోళ్లే సాయం పట్టిండ్రు, వచ్చినప్పుడు దించినట్టే.

నువ్వు అవును అని రాసినవ్. చదివి మంచిగనిపించింది. గని పోశాలూ, నేను చదివేటప్పటికి రెండు వానలు పడ్డయ్. ఈసారి మోదుగ విరగకాసినట్టు ఆకేసింది. తెంపెతందుకు ఒక్క మనిషి పోలేదు. ఆడోళ్లు మిర్చి కల్లాలకు, పత్తి చేన్లకు పోయిండ్రు. బస్సుల కెల్లి చూసుకుంట వచ్చిన, తొవ్వ పొడుగూత ఆకే. ముదిరి, బొక్కలు పడి, వానకు నానుతున్నది.

ఇక్కడ మెస్సుల గూడ పేపరు ప్లేట్లే. వేడి సాంబారు పోస్తే మెత్తబడుతయ్, పిలగాండ్లు రెండేసి పెట్టుకుంటరు. 

కవరు పెట్టుమని పట్టుబట్టింది నేనే. ద్వాళి వద్దన్నది. మొత్తం నీ మీద వేసుకోకు.

మహిపాల్.


జనగామ,
శ్రావణం.

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ఆఖరి మాట కాడ ఆగిపోతున్న. నువ్వు తిడితే తుడుచుకొని పోయేటోన్ని. మొత్తం నీ మీద వేసుకోకు అన్నవ్, ఇగ ఎటు పోవాలె?

పుల్లలు పీకింది నేను. షేర్వ కారినందుకు కవరొచ్చె, కవరుకు సార్లు వచ్చె. నడుమ ఎన్ని ఆఫీసులన్న ఉండనీ బావా, మొదలు కాడ నా రెండు వేళ్లు ఉన్నయ్. కూసున్నకాడ నా వేళ్లనే చూసుకుంటున్న. కల్పన నాకు పక్షవాతం అనుకొని దవాఖానకు పోదాం అంటున్నది.

స్రవంతికి కొడుకు పుట్టిండు. వచ్చే నెల తొట్టెల పండుగ, మా ఇంట్లనే. నువ్వు రావు, ఎరుక. ఒక్కటి అడుగుత. ఆకు లేదన్నవ్. అటక మీద, సందుగ కింద ఏడన్న పాత ఆకు ఉంటే ఒక్క కట్ట కుట్టిచ్చి పంపు. దగ్గరోళ్లు ఒక్క బంతి కూసునేతందుకు చాలు. పిలగాడు పేపరు ప్లేటు బంతిల తొట్టెల ఎక్కుడు నాకు ఇష్టం లేదు.

పోశాలు.


గూడూరు మండలం,
సెలవు మీద వచ్చి రాస్తున్న.

బామ్మర్దికి,

పిలగానికి దీవెనలు.

ద్వాళి ఇంట్ల అటక మీద పోయినేటి ఆకు ఒక మూట ఉన్నది. తన బిడ్డ పెండ్లికి దాచుకున్నదట. అడుగుదామంటే నోరు రాలేదు, మీ అక్క అడిగింది. "పోశాలన్న ఇంట్ల పండుగకా?" అని అడిగింది. అటెన్క తనే మూట దించింది. నీళ్లు చల్లి మెత్తబెట్టినం. ద్వాళి, మీ అక్క, నేను కూసోని ఈనె పుల్లలతోని కుట్టినం. కవరు లేదు. సుక్క కారదు అని ద్వాళి చెప్పుమన్నది.

కట్ట బస్సుల వేస్తున్న. అన్నిటికన్న పైన ఎర్ర దారం కట్టిన ఇస్తారి నీది. వేరేటోళ్లకు వేయకు. ఇంటి పెద్దవు, మంచిదాంట్ల తినాలెనని విడిగ కట్టిన.

మహిపాల్.


జనగామ,
తొట్టెల అయిన తెల్లారి.

బావా,

మొదలు పండుగ ముచ్చట. పిలగాడు తొట్టెల ఏడవలే, మా తాత ఇసొంటోడా అని నన్నే చూసుకుంట పండుకున్నడు. బంతి వేసినం. నీ ఇస్తార్లు పరిచిన. ముసలోళ్లు చేతితోని తడిమి చూసిండ్రు. ఒకామె వాసన చూసి, "మా అవ్వగారింట్ల తిన్నట్టున్నది" అన్నది. నేను ఎర్ర దారం ఇప్పి, నా ఇస్తారి పరుసుకొని, ఇంటి పెద్దలెక్క నడుమిట్ల కూసున్న. కొత్త తెల్ల లాల్చి, తెల్ల ధోతి. కల్పన బగారన్నం పెట్టింది. అల్లుడు మటన్ షేర్వ పోసిండు.

ఇగ చెప్పనా?

ఆకు మెల్లగ ఇడివడ్డది బావా. నేను చూస్తున్న. చెయ్యి అడ్డం పెట్టొచ్చు, పెట్టలే. షేర్వ సన్నగ, ఎర్రగ, వేడిగ నా ఒళ్లెకు దిగింది. బంతి బంతంత ఒక్కసారే నవ్వింది. "పోశాలన్నకే పడ్డది రా" అని ఒకడు చప్పట్లు కొట్టిండు. నేను గూడ నవ్వుదామని నోరు తెరిచిన. నవ్వు రాలే. ఏం వచ్చిందో అందరు చూసిండ్రు. కారం మండుతున్నదేమో అనుకొని కల్పన నీళ్లు తెచ్చింది.

నా బతుకంత ఎగతాళి చేసిన, నా మీద ఎవ్వడూ చెయ్యలే. చేసినోడివి నువ్వు. నవ్వులాట తెల్వని మనిషివి. ఎంత ఆలోచన చేసి ఉంటవ్, ఏ పుల్ల తీయాల్నో ఎంత సేపు చూసి ఉంటవ్.

నాది తప్ప ఒక్క ఇస్తారి కారలే. ద్వాళికి చెప్పు. బంతి అయినంక ఎంగిలి ఇస్తార్లు ఎనుక దిక్కు వేసిన, వేసి అక్కడనే నిలబడ్డ. మేకలు వచ్చినయ్. ఆకు, పుల్ల, ఎర్ర దారం గూడ మిగల్చలే. కాలవెట్టెతందుకు ఏమీ లేదు.

మళ్ల ఎండాకాలానికి ఆకు తెంపుతరా అని అడుగుదామనుకున్న. అడుగ. అడిగే మొఖం నాకింకా రాలే. ద్వాళి బిడ్డ పెండ్లికి దాచిన ఆకుల నేను తిన్న బావా. గదొక్కటి అరుగుతలేదు.

నీ పోశాలు.


భూపాలపల్లి,
వాన తెరిపిచ్చింది.

బామ్మర్దికి,

ఒక్కటే పుల్ల తీసిన. నువ్వు రెండు పీకినవ్, నాకు ఒక్కదానికే సగం పూట పట్టింది. ద్వాళి చూసి, ఊడిపోయిందేమో అని మళ్ల గుచ్చబోయింది. వద్దన్న. ఎందుకని అడిగింది, చెప్పిన. ఆ సీలు పడ్డ కాడికెల్లి ఆమె నవ్వుడు నేను చూడలే. అప్పుడు నవ్వింది. చాన సేపు నవ్వి, మళ్ల పుల్లలు చీరుకుంట కూసున్నది.

ఎండాకాలం సంగతి నాకు తెల్వదు. ఆమెకూ తెల్వదు. అడిగే మొఖం నాకు గూడ లేదు.

షేర్వ ఎక్కడిదాక వచ్చిందో నువ్వు రాయలే. మోకాలు దాకనా, ఇంకా కిందికా? రాయకు. ఆదివారం మెస్సు బందు. ఫోన్ నా దగ్గరనే ఉంటది.

నేనే ఎత్తుత.

మహిపాల్.